చెరసాల జ్వరము – జాన్ హోవార్డు

చెర విడిపోవుట అనగానే మన కావ్యాలలో కథ మంగళాంతమవుతుంది. విడుదలైనవాడు బయటికి తన వెంట ఏమి తెచ్చుచున్నాడని అడిగే అలవాటు మనకు లేదు. అట్లు అడిగినవాడు పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లేయుడు జాన్ హోవార్డు.

1726 ప్రాంతమున లండను సమీపంలో సంపన్నుడైన వర్తకుని ఇంట జన్మించినాడు. ముప్పదేండ్లకు కొంచెము ఇటో అటో ఉండగా, లిస్బను నగరానికి ఓడలో పోవుచు ఫ్రెంచివారికి చిక్కి, బ్రెస్టు చెరసాలలో గడ్డిమీద ఆరు రాత్రులు గడిపినాడు. ఆ గడ్డి వాసన ఆయన మరువలేదనుకొంటాను. స్వదేశము చేరి, కార్డింగ్టను గ్రామంలో భూస్వామిగా, రైతులకు మంచి ఇండ్లు కట్టించుచు కాలము గడిపినాడు.

1773లో బెడ్‌ఫర్డు మండలానికి షెరీఫ్ పదవి వచ్చినది. అలంకారప్రాయమైన ఆ పదవిలో ఉన్నవారు జైలు గడప తొక్కే ఆచారము లేదు. హోవార్డు తొక్కినాడు. న్యాయస్థానము నిర్దోషులని తీర్పు చెప్పినవారిని సైతము, జైలరుకు రుసుము చెల్లించలేదని మరల లోపలికి త్రోయుచుండిరి. జైలరుకు జీతము లేదు. ఖైదీయే అతనికి మడిమాన్యము. జీతమిప్పించుడని హోవార్డు కోరగా, మండలాధికారులు పూర్వోదాహరణ చూపుమన్నారు. దానికై పొరుగు మండలాలు తిరిగినాడు. ఉదాహరణ దొరకలేదు గాని అన్యాయము అంతటా దొరికినది. దానితో పాటు జ్వరము దొరికినది.

దానిని చెరసాల జ్వరమనేవారు. నేటి వైద్యుల టైఫస్ అదే. 1755లో ఎక్సిటర్ జైలునుండి విడుదలైన ఒక ఖైదీ ఆక్స్‌మిన్‌స్టర్ అనే చిన్న ఊరిలోని తన ఇంటికి చేరినాడు. ఇంటివారికి జ్వరము సోకినది. వారిలో ఇద్దరు పోయినారు, పిదప ఊరిలో మరెందరో. ఈ ఉదంతమును హోవార్డు తన గ్రంథంలో నమోదు చేసినాడు. అతడు ఎవరికీ కీడు తలపెట్టినవాడు కాడు. తన ఇంటికి వచ్చినాడు, అంతే. 1750లో లండను ఓల్డ్ బెయిలీలో జ్వరము బోను దాటి లార్డు మేయరును, న్యాయమూర్తులను కూడ బలిగొన్నది. పీఠముపైకి పాకితే గాని పెద్దలకు రోగము కనబడదు కాబోలు!

1774లో హోవార్డు పార్లమెంటు సభ యెదుట సాక్ష్యమిచ్చినాడు. ఆ ఏడే రెండు శాసనాలు వెలువడినవి. మొదటిది, నిర్దోషులను రుసుము లేకుండ అప్పటికప్పుడే విడువవలెనన్నది. రెండవది ఖైదీల ఆరోగ్యమునకు సంబంధించినది: ఏటేటా గోడలకు సున్నము, గాలివెలుతురు, రోగులకు స్త్రీపురుష భేదముతో వేరు గదులు, ఒక వైద్యుడు. అందులోనే మరొక నిబంధన ఉన్నది. ఏ పనిమీదనైనను సరే, ఖైదీని బయటికి పంపుటకు ముందు స్నానము చేయించవలెను. నా దృష్టిలో రెండు శాసనాలకును ముడి ఇక్కడే ఉన్నది. మొదటిది తలుపు తెరచినది. రెండవది ఆ తలుపు వద్ద నిలిచి చూచినది. రోగమును సాకుగా చూపి మనిషిని నిలిపివేయలేదు. అట్లని రోగముతోనే ఇంటికి పంపివేయనూ లేదు. హోవార్డు ఈ శాసనాల ప్రతులను తన ఖర్చుతో అచ్చువేయించి జైళ్లకు పంపినాడు. అమలు చేసిన జైళ్లు మాత్రము స్వల్పమే.

ఆయన బండిలో కాక గుర్రముమీద తిరిగేవాడు. బట్టలకు పట్టిన జైలు కంపును మూసిన బండిలో భరించలేకపోయినాడు. జైళ్లలో వినిగరు వాసన చూచుచు, బయటికి వచ్చి బట్టలు మార్చుకొనేవాడు. వినిగరు వలన ప్రయోజనము శూన్యము. కాపాడినది బట్టల మార్పే. ఈ జ్వరమును మోసేది ఒంటి పేను అని 1909లో ట్యూనిసు నగరంలో షార్ల్ నికోల్ నిరూపించినాడు. స్నానమైన రోగులు ఆసుపత్రి లోపల ఎవరికీ జ్వరము అంటించకపోవుటయే నికోల్‌కు దొరికిన ఆధారము. నేడు క్షయకు కఫపరీక్ష ఉన్నది, హెచ్.ఐ.వి.కి రక్తపరీక్ష ఉన్నది. నాడు విడుదలయ్యేవానిని పరీక్షించుటకు కన్ను, కడుగుటకు నీరు తప్ప మరేమీ లేవు.

ఓడరేవులలో ప్రయాణికులను నిలిపి ఉంచే పద్ధతి ఎట్టిదో తెలిసికొనుటకు, 1786లో అంటువ్యాధి అనుమానమున్న ఓడను ఏరికోరి ఎక్కి, వెనిసు నగరపు నిర్బంధగృహంలో ఆరు వారాలున్నాడు. చివరి యాత్ర రష్యాకు. ఖెర్సోను నగరంలో జ్వరపీడితురాలైన ఒక యువతికి వైద్యము చేయబోయి అదే జ్వరము తెచ్చుకొన్నాడు. 1790 జనవరి 20న అక్కడే కన్నుమూసినాడు. సమాధిపై స్మారకము వద్దు, ఒక నీడగడియారము చాలునని కోరినాడంటారు. లండనులో మాత్రము సెయింట్ పాల్ దేవాలయమున ఆయన శిలావిగ్రహమును నిలిపినారు.