గెలాక్సీల వయసు లెక్క కట్టిన డల్లాస్ ఇల్లాలు

ప్లేనోలో మేముండే అపార్ట్‌మెంట్ నుంచి కారులో కాస్త ముందుకు వెళితే పక్క ఊరు రిచర్డ్‌సన్ వస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ డల్లాస్ ఉన్నది అక్కడే. మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఎమ్మెస్ చదివిన చోటు. సాయంత్రం సైటు నుంచి వస్తూ ఆ పక్కగా పోతుంటాం. అరవై ఏళ్ల కిందట ఈ డల్లాస్ ప్రాంతానికే ఒకావిడ భర్త ఉద్యోగం వెంట వచ్చారు. పదకొండేళ్లుండి వెళ్లిపోయారు. ఈలోగా ఆమె చేసిన పని వల్ల విశ్వం గురించి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వేసిన లెక్కలు మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఆమె పేరు బియాట్రిస్ టిన్‌స్లీ.

డిపెండెంట్ అనే మాట తెలిసిన ప్రతి తెలుగు ఇంటికీ ఈ కథ తెలియాలని మా కోరిక. ఎందుకంటే మేమూ అలా వచ్చినవాళ్లమే. సివిల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో ఆరేళ్లు సైట్లు చూసి, పెళ్లయ్యాక మా ఇంటామె సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చాం. పని చేసుకునే పర్మిషన్ వచ్చేదాకా మూడేళ్లు వంట చేసుకుంటూ ఇంట్లోనే ఉన్నాం. పని వచ్చి ఉండి కూడా చెయ్యడానికి వీల్లేకపోతే ఎలా ఉంటుందో మాకు బాగా తెలుసు.

న్యూజిలాండ్ నుంచి టెక్సాస్‌కు...

బియాట్రిస్ 1941 జనవరి 27న ఇంగ్లండ్‌లోని చెస్టర్‌లో పుట్టారు. ముగ్గురు ఆడపిల్లల్లో నడిమి అమ్మాయి. యుద్ధం అయిపోయాక కుటుంబం న్యూజిలాండ్ వలస పోయింది. న్యూ ప్లిమత్ అనే ఊళ్లో బడి చదువు. లెక్కల్లో చురుకు, వయొలిన్ కూడా బాగా వాయించేవారు. క్రైస్ట్‌చర్చ్‌లోని యూనివర్సిటీలో ఫిజిక్స్ చదివి ఫస్ట్ క్లాసులో ఎమ్మెస్సీ పాసయ్యారు. 1961లో తోటి ఫిజిక్స్ విద్యార్థి బ్రయాన్ టిన్‌స్లీని పెళ్లి చేసుకున్నారు. భర్త పనిచేసే యూనివర్సిటీలో భార్యకు ఉద్యోగం ఇవ్వకూడదన్నది అప్పట్లో అక్కడి రూలు.

1963లో బ్రయాన్‌కు డల్లాస్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఆ కేంద్రమే 1969లో ఇప్పటి యూనివర్సిటీగా మారింది. ఇక్కడా భర్తకే పని, ఆమెకు తగిన పని లేదు. ఏడాది చూశారు. 1964లో ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో పీహెచ్‌డీకి చేరారు. డల్లాస్ నుంచి ఆస్టిన్ దాదాపు 200 మైళ్లు. అంటే హైదరాబాద్ నుంచి అనంతపురం పోయినంత! వారం వారం పోవాలి, రావాలి. ఇల్లు ఇక్కడ, చదువు అక్కడ. అయినా రెండేళ్లు తిరిగేసరికి, 1966 ఆఖరుకు, థీసిస్ పూర్తయింది. అదే ఏడాది ఒక బాబును దత్తత తీసుకున్నారు. 1968లో ఒక పాపను తెచ్చుకున్నారు.

బెంచ్‌మార్కే కదిలితే?

ఆ థీసిస్‌లో ఏముందో మా పని భాషలో చెప్తాం. సైటులో లెవెల్ తీసేటప్పుడు ముందుగా ఒక బెంచ్‌మార్క్ పెట్టుకుంటాం. పునాది నుంచి స్లాబు దాకా అన్ని ఎత్తులూ దాన్నుంచే కొలుస్తాం. ఆ బెంచ్‌మార్క్ ఉన్న రాయి కాస్త కుంగిందనుకోండి, పరికరం ఎంత ఖరీదైనదైనా, మనిషి ఎంత జాగ్రత్తపరుడైనా అన్ని లెవెళ్లూ తప్పే.

అప్పటి ఖగోళ శాస్త్రజ్ఞులకూ ఇలాంటి బెంచ్‌మార్క్ ఒకటి ఉండేది. విశ్వం వ్యాకోచిస్తోందని 1929లోనే ఎడ్విన్ హబుల్ చూపించారు. ఆ వేగం ఎంత తగ్గుతోంది, ఎప్పటికైనా ఆగి మళ్లీ ముడుచుకుపోతుందా అన్నది తర్వాతి ప్రశ్న. దానికి దూరాలు కొలవాలి. ఎలా? రోడ్డు మీద వీధి దీపాలన్నీ ఒకే వాట్ల బల్బులైతే, మసకగా కనిపించేది దూరంగా ఉన్నట్టు కదా! పెద్ద పెద్ద గెలాక్సీలను అలాంటి బల్బులుగా వాడుకున్నారు. ఈ పనిలో అందరికంటే పెద్ద పేరు పాలమార్ కొండ మీది 200 అంగుళాల టెలిస్కోపుతో పరిశోధించిన అలన్ శాండేజ్‌ది. గెలాక్సీల వెలుగు కాలంతో మారినా, ఆ తేడా లెక్క చెడగొట్టేంత పెద్దది కాదన్నది ఆయన అభిప్రాయం.

పాతికేళ్ల బియాట్రిస్ అక్కడే అడ్డం పడ్డారు. దూరంగా ఉన్న గెలాక్సీ వెలుగు మనల్ని చేరడానికి వందల కోట్ల ఏళ్లు పడుతుంది. అంటే మనం చూసేది ఇప్పటి గెలాక్సీని కాదు, దాని పడుచుతనాన్ని. మరి వయసు మీద పడితే వెలుగు అంతే ఉంటుందా? ఏడు రోజుల కాంక్రీటు బలమూ ఇరవై ఎనిమిది రోజుల కాంక్రీటు బలమూ ఒకటేనని మేము రాసిస్తే ఇంజినీరు ఒప్పుకుంటాడా!

ఆమె ఏం చేశారంటే, గెలాక్సీని ఒక ఊరిలా లెక్క కట్టారు. ఊళ్లో ఎంతమంది పుడుతున్నారు, ఎంతమంది పోతున్నారు, ఎవరి ఆయుష్షు ఎంత? బాగా బరువైన నక్షత్రాలు నీలంగా, ధగధగా మండి కొన్ని మిలియన్ల ఏళ్లకే అయిపోతాయి. మన సూర్యుడిలాంటివి వెయ్యి కోట్ల ఏళ్లు నడుస్తాయి. చిన్నవి ఎర్రగా, నిదానంగా అంతకంటే ఎక్కువ కాలం బతుకుతాయి. పోయే నక్షత్రాలు వదిలిన బరువు మూలకాలు మిగిలిన వాయువులో కలిసి, వాటి నుంచి మళ్లీ కొత్త నక్షత్రాలు పుడతాయి. వీటన్నిటినీ కంప్యూటరులో పెట్టి, ఏ వయసులో గెలాక్సీ ఏ రంగులో, ఎంత వెలుగుతో ఉంటుందో తేల్చారు. తేలిందేమిటంటే, గెలాక్సీలు గతంలో ఎక్కువ వెలుగుతో ఉండేవి. ఆ తేడా చిన్నదేం కాదు, అసలు కొలవాలనుకున్న తేడానే మింగేసేంత పెద్దది. బెంచ్‌మార్క్ కదిలిందన్నమాట!

పెద్దాయన వెంటనే ఒప్పుకోలేదు. ఏళ్ల తరబడి వాదం నడిచింది. చివరికి గెలాక్సీల వయసు లెక్కలోకి తీసుకోకుండా విశ్వాన్ని కొలవలేమని అందరూ ఒప్పుకోక తప్పలేదు.

జవాబు రాని ఉత్తరం

పేరు వచ్చింది, పర్మినెంట్ ఉద్యోగం మాత్రం రాలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, వండి వార్చడం, రాత్రిళ్లు లెక్కలు. 1974లో అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆమెకు యానీ క్యానన్ అవార్డు ఇచ్చింది. రిచర్డ్ గాట్, జేమ్స్ గన్, డేవిడ్ ష్రామ్‌లతో కలిసి, విశ్వం మళ్లీ ముడుచుకోదు, ఎప్పటికీ వ్యాకోచిస్తూనే ఉంటుందని ఆమె పేపరు రాసిందీ ఆ ఏడాదే. ఇక్కడి యూనివర్సిటీలో ఖగోళశాస్త్ర విభాగం ఎలా ఉండాలో ప్లాను వేసిచ్చారు. దాన్ని నడిపే ఉద్యోగానికి దరఖాస్తు కూడా పెట్టుకున్నారు. ఆ ఉత్తరానికి జవాబే రాలేదు.

అప్పుడు ఆమె కష్టమైన నిర్ణయం తీసుకున్నారు. 1974లో విడాకులు తీసుకుని డల్లాస్ వదిలేశారు. పిల్లలు తండ్రి దగ్గర ఉండిపోయారు. కాలిఫోర్నియాలో కొన్నాళ్లుండి, 1975లో యేల్ యూనివర్సిటీలో చేరారు. పిల్లల్ని వదిలి ఎలా వెళ్లిందమ్మా అని అడిగేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉంటారు. తండ్రి దుబాయ్ పోతే ఇంటి కోసం అంటాం. తల్లి పోతే వేరే మాట అంటాం. గల్ఫ్ క్యాంపుల్లో ఫోన్లోనే పిల్లల్ని పెంచిన మావాళ్లెవరూ ఆ ప్రశ్న తేలిగ్గా అడగలేరు.

ఎడమ చేత్తో ఆఖరి పేపరు

యేల్‌లో ఆమెకు పట్టుమని ఆరేళ్లే దొరికాయి. 1977లో రిచర్డ్ లార్సన్‌తో కలిసి గెలాక్సీల పరిణామంపై అక్కడ పెద్ద సదస్సు జరిపారు. గెలాక్సీలు ఒకదాన్నొకటి ఢీకొంటే కొత్త నక్షత్రాలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయని 1978లో ఇద్దరూ లెక్కలతో చూపించారు. అదే ఏడాది ఆమె ప్రొఫెసరయ్యారు, యేల్ ఖగోళశాస్త్రంలో ఆ పదవి పొందిన తొలి మహిళ. ఆ ఏడాదే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ బయటపడింది. జబ్బు ముదిరి కుడి చేయి పడిపోతే ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నారు. ఆఖరి పేపరు పంపిన పది రోజులకు, 1981 మార్చి 23న కన్నుమూశారు. వయసు నలభై. పద్నాలుగేళ్లలో దాదాపు వంద పేపర్లు రాశారు.

విశ్వం వ్యాకోచించే వేగం తగ్గకపోగా పెరుగుతూ ఉండొచ్చని గన్‌తో కలిసి 1975లోనే ఆమె రాశారు. అప్పటి కొలతలతో అది తేలలేదు. 1998లో పేలే నక్షత్రాలను కొలిచి రెండు బృందాలు ఆ సంగతి తేల్చాయి, 2011లో నోబెల్ వచ్చింది. 2021లో ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు మహావిస్ఫోటం జరిగిన 30 కోట్ల ఏళ్లకే వెలిగిన గెలాక్సీలను చూపిస్తోంది. రంగును బట్టి వాటి వయసు కట్టే పద్ధతికి బాట వేసినవాళ్లలో మొదటివారు ఈ డల్లాస్ ఇల్లాలే. న్యూజిలాండ్‌లో ఒక పర్వతానికి, ఆకాశంలో ఒక గ్రహశకలానికి ఆమె పేరుంది. 1986లో అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆమె పేరిట బహుమతి పెట్టింది. ఆమె ఇంటికి రాసిన ఉత్తరాలతో తండ్రి అదే ఏడాది పుస్తకం వేశారు.

మా అపార్ట్‌మెంట్లలో ఇవాళ్టికీ ఎమ్మెస్సీలు, బీటెక్‌లు చదివి పర్మిషన్ కాగితం కోసం ఎదురుచూస్తూ ఉండే ఆడవాళ్లున్నారు. పరిచయం చేసేటప్పుడు ఫలానా ఆయన మిసెస్ అంటాం, ఏం చదివావమ్మా అని అడగం. ఈ కథ తెలిశాక మేము మాత్రం అడగడం మొదలుపెట్టాం. మొన్న పై అంతస్తులో ఉండే అమ్మాయిని అడిగితే, ఫిజిక్స్ అంకుల్ అంది. మాట్లాడుతూ మాట్లాడుతూ పొయ్యి మీద పాలు పొంగాయి, అయినా ఎవ్వరమూ లేవలేదు.