బాబా-ఎ-ఉర్దూ మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబు

మన తర్లుపాడు ఇళ్ళల్లో పిల్లవాడికి అన్నం ఇంకొంచెం పెట్టబోతే నక్కో అంటాడు. అదే మాట బడిలో అంటే నవ్వేవాళ్ళు ఉన్నారు. అది ఉర్దూయే కాదట, పల్లె మాటట. ఈ నవ్వుకు ఎన్నో ఏండ్ల క్రిందటే జవాబు చెప్పినవారు మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబు. సొసైటీ సభ్యులకూ, మన పిల్లలకూ వారి సంగతి నాలుగు మాటలు మనవి చేస్తాను.

వారు దక్కను మనిషి కాదు. 1870లో మీరట్ దగ్గర హాపూరులో పుట్టారు. 1894లో అలీఘర్‌లో బి.ఏ. పాసై హైదరాబాదు వచ్చి విద్యాశాఖలో నౌకరీ చేశారు. పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఔరంగాబాదులో ఉండగా, 1912లో అంజుమన్ తరఖ్ఖీ-ఎ-ఉర్దూకు కార్యదర్శి అయ్యారు. అప్పటికి ఆ సంస్థ ఆస్తి అంతా ఒక పాత పెట్టె, కొన్ని కాగితాలేనని చెప్పుకుంటారు.

1917లో నిజాం ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టదలచింది. చదువు అంతా ఉర్దూలోనే. మరి పుస్తకాలేవీ? అందుకని కాలేజీ కంటే ముందే దారుత్తర్జుమా, అంటే అనువాద శాఖ, వెలిసింది. దాని మొదటి నాజిమ్ అబ్దుల్ హఖ్ గారే. పేరుకు అనువాదం గాని, జరిగింది పరిశోధనే. ఒక్కొక్క శాస్త్ర పదానికి ఏ మాట పెట్టాలి? శాస్త్రం తెలిసినవారికి భాష చాలదు, భాష తెలిసినవారికి శాస్త్రం తెలియదు. ఇద్దరినీ ఒకే కమిటీలో కూర్చోబెట్టి, వాదనలు జరిపించి, మాట తేల్చేవారు. 1919లో తరగతులు మొదలైనాయి. తరువాత వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో చెప్పారు. వందల గ్రంథాలు వెలువడ్డాయి. వాటిలో కొన్ని అరబ్బీ పదాలు మరీ బరువు, పిల్లలకు నోరు తిరగదు. ఉర్దూ పంతులుగా ఆ మాట నేను ఒప్పుకోవాలి గదా! 1948 తరువాత అక్కడి బోధన ఇంగ్లీషుకు మారింది.

నాజిమ్‌గా వారున్నది కొద్దికాలమే. తరువాత ఔరంగాబాదు కాలేజీకి ప్రిన్సిపాలు అయ్యారు, ఆపైన ఉస్మానియాలో ఉర్దూ శాఖకు పెద్ద అయ్యారు. ఈ రోజుల్లోనే చెదలకు పోతున్న దక్కనీ రాతప్రతులు వెదకి వెదకి తెచ్చి, ఒకదానితో ఒకటి సరిచూసి అచ్చు వేయించారు. గోల్కొండలో ముల్లా వజ్హీ 1635లో రాసిన సబ్‌రస్ అనే వచన గ్రంథం 1932లో అలా బయటికి వచ్చింది. బీజాపూరు కవి నుస్రతీ మీద ఒక పుస్తకమే రాశారు. మన నక్కో ఆ కాలపు దక్కనీ పుస్తకాల్లో దర్జాగా ఉంది. పాదుషాల కొలువులో చెల్లిన మాట మన బడిలో చెల్లకపోవడం ఏమిటో నాకు తెలియదు.

1937లో వారి ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువు వచ్చింది. 1938లో అంజుమన్‌తో పాటు ఢిల్లీ చేరారు. 1947 అల్లర్లలో అక్కడి కార్యాలయం లూటీ అయింది. డెబ్బయి ఏండ్లు దాటిన వయసులో కరాచీ వెళ్ళి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, 1949లో ఉర్దూ కాలేజీ నిలబెట్టారు. 1961 ఆగస్టు 16న కన్నుమూశారు. ఆ కాలేజీ 2002లో విశ్వవిద్యాలయమైంది. వారి సమాధి ఆ ఆవరణలోనే ఉంది.