హాన్నెస్ హాఫ్‌స్టైన్: ఐస్లాండు తొలి స్వదేశ మంత్రి

ఉత్తర అట్లాంటికు మహాసముద్రమున అగ్నిపర్వతములకును హిమరాశులకును నిలయమైన ద్వీపము ఐస్లాండు. మన తూర్పు తీరమున తరంగంబాడిని 1845 వరకు ఏలిన డెన్మార్కు రాజ్యమే ఆ దేశమును గూడ శతాబ్దుల తరబడి పాలించెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అచటి జనసంఖ్య సుమారు 80 వేలు మాత్రమే. ఇంత చిన్న జాతి తన పాలనమును తానే నిర్వహించుకొనగలదా యను సందేహము పలువురి కుండెను. ఆ సందేహమునకు కార్యరూపమున సమాధాన మొసగినవాడు హాన్నెస్ హాఫ్‌స్టైన్.

ఆయన 1861 డిసెంబరు 4వ తేదీన ఉత్తర ఐస్లాండులో జన్మించెను. తండ్రి ఆ ప్రాంతమున ఉన్నత పాలనాధికారి. హాన్నెస్ కోపెన్‌హేగను విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర మభ్యసించి 1886లో పట్టము నందెను. విద్యార్థి దశలోనే ఆయన కవిగా ప్రసిద్ధుడు. 1882లో మువ్వురు మిత్రులతో కలిసి వెర్దాండి యను పత్రికను వెలువరించెను. అది ఒక్క సంచికతోనే నిలిచిపోయినను ఐస్లాండు సాహిత్యమున వాస్తవికతా వాదమునకు నాంది పలికెను. 1893లో ఆయన కవితాసంపుటి ప్రకటితమయ్యెను.

కవిత్వమే జీవితము కాలేదు. 1889 నుండి గవర్నరు కార్యాలయమున కార్యదర్శిగా పనిచేసి, అటుపిమ్మట పశ్చిమ తీరమందలి ఈసాఫ్యోర్దుర్ మండలమునకు అధికారిగా వెళ్ళెను. ఆ కాలమున బ్రిటిషు ట్రాలరు నౌకలు నిషిద్ధ జలములలో ప్రవేశించి, చిన్న పడవలపై జీవించు బెస్తల వలలను ధ్వంసము చేయుచుండెను. 1899లో అట్టి నౌక నొకదానిని పట్టుకొనుటకై ఆయన స్వయముగా ఐదుగురితో చిన్న పడవ నెక్కి బయలుదేరెను. నౌక చెంత పడవ తలక్రిందులయ్యెను. మువ్వురు మునిగి మరణించిరి; హాన్నెస్ ప్రాణములతో బయటపడెను. శాసనమును అమలుపరచుటకు నౌకాబలము గాని సిబ్బంది గాని లేని అధికారి దుస్థితి ఈ దుర్ఘటనవలన లోకమునకు తెల్లమయ్యెను.

అంతవరకు ఐస్లాండు వ్యవహారములను చూచు మంత్రి కోపెన్‌హేగనులోనే ఉండి, డెన్మార్కు న్యాయశాఖతో పాటు ఈ బాధ్యతను గూడ వహించుచుండెను. 1901లో డెన్మార్కున ఉదారవాదులు అధికారమునకు రాగా, హాన్నెస్ అచటికేగి తన దేశము పక్షమున సంప్రదింపులు జరిపెను. తత్ఫలితముగా రెయిక్యవిక్ నగరముననే నివసించి, ఆల్తింగి యను శాసనసభకు బాధ్యుడై యుండు మంత్రి పదవి ఏర్పడెను. 1904 ఫిబ్రవరి 1వ తేదీన హాన్నెస్ ఆ పదవి నధిష్ఠించెను. పూర్వము చెరసాలగా కట్టబడిన భవనమున మూడు శాఖలతో సచివాలయము నడవ నారంభించెను. కాగితము సముద్రము దాటి పోయి రానక్కరలేకుండ నిర్ణయములు స్వదేశముననే జరుగుట సాధ్యమయ్యెను.

ఆయనకు కఠిన పరీక్ష తంతి తపాలా విషయమున ఎదురయ్యెను. సముద్రగర్భ తంతికై డెన్మార్కు కంపెనీతో ఒడంబడిక చేసికొనగా, తంతిలేని మార్కోనీ పద్ధతియే చౌక యని ప్రతిపక్షులు వాదించిరి. 1905 ఆగస్టులో రెండు వందలకు పైగా రైతులు పొలముల పనుల నడుమ రాజధానికి వచ్చి నిరసన తెలిపిరి. పంట కోతల వేళ ఇల్లు విడిచి వచ్చినవారి ఆవేదన సామాన్యమైనది కాదు. అయినను మంత్రి తన నిర్ణయమును వీడలేదు. శాసనసభయు దాని నామోదించెను. 1906లో తంతి తూర్పు తీరమందలి సేయ్దిస్‌ఫ్యోర్దుర్ చేరెను. అచటినుండి కొండలు, నదులు దాటించి సుమారు 600 కిలోమీటర్ల మేర స్తంభములు నాటి, ఆ సంవత్సరము సెప్టెంబరులోనే రాజధానికి సంబంధము కల్పించిరి. ఐరోపా వార్త ఓడకై వారముల తరబడి వేచియుండు స్థితి దానితో ముగిసెను. 1907లో 10 మొదలు 14 ఏండ్ల బాలబాలికలకు నిర్బంధ విద్యాశాసనము వచ్చెను.

ప్రజాభిమానము ఎల్లకాలము నిలువలేదు. డెన్మార్కుతో సంబంధములను నిర్ణయించు ముసాయిదాను ఆయన సమర్థించెను. అది స్వాతంత్ర్యమునకు చాలదని భావించిన ఓటర్లు 1908 ఎన్నికలలో ఆయన పక్షమును ఓడించిరి. 1909లో పదవిని వీడి, ఆయన బ్యాంకు నిర్వాహకుడుగా పనిచేసెను. అధికారము లేకున్నను ప్రజాసేవ మానలేదు. స్త్రీలకు విద్యయందును ప్రభుత్వోద్యోగములందును పురుషులతో సమాన హక్కు నిచ్చు 1911 శాసనమును సభలో ప్రతిపాదించినది ఆయనయే. 1912 నుండి 1914 వరకు మరల మంత్రిగా ఉండెను. ఆ నడుమ 1913లో భార్య మరణించుటతో ఆయన కృంగిపోయెను. క్రమముగా ఆరోగ్యము క్షీణించెను.

1918 డిసెంబరు 1వ తేదీన ఐస్లాండు సార్వభౌమ రాజ్యమయ్యెను. 1922 డిసెంబరులో హాన్నెస్ దివంగతుడయ్యెను; 1944లో వెలసిన గణతంత్రమును ఆయన చూడలేదు. అయితే అధికారము స్వదేశీయుల చేతికి వచ్చిన నాటికి దానిని నడపుటకు కార్యాలయములు, శాసనములు, తంతి మార్గములు, అనుభవము గల సిబ్బంది సిద్ధముగా నుండిరనిన, అందు ఆయన పాలు గొప్పది. స్వాతంత్ర్యమును కోరుట యొకటి, దానిని నిత్యకృత్యముగా నిర్వహించుట వేరొకటి. ఈ రెండవ కార్యమునకు కవి హృదయమును, ఉద్యోగి క్రమశిక్షణను కూడ అర్పించినవాడు హాన్నెస్. 1931లో ప్రతిష్ఠింపబడిన ఆయన విగ్రహము ఆ పాత సచివాలయ భవనము ముందటనే నిలిచియున్నది.