వాడి దగ్గర కలిసిన పట్టాలు – మొదటి సాలార్‌జంగ్ జీవితం

నయాపూల్ పక్కన మూసీ ఒడ్డునున్న సాలార్‌జంగ్ మ్యూజియం చూడని విద్యార్థి మన హాస్టల్లో ఉండడు. కానీ ఆ వస్తువులన్నీ సేకరించిన సాలార్‌జంగ్, రాజ్యాన్ని నడిపిన సాలార్‌జంగ్ ఒక్కరేనని చాలామంది అనుకుంటారు. వస్తువుల్లో ఎక్కువ భాగం మనవడు మూడవ సాలార్‌జంగ్ సేకరించినవి. ముసుగు రెబెక్కా శిల్పాన్ని మాత్రం 1876లో ఐరోపా వెళ్లినప్పుడు తాతగారే కొన్నారు. ఈ వ్యాసం ఆ తాతగారి గురించి.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829లో పుట్టారు. దివాన్‌గా ఉన్న చిన్నాన్న సిరాజ్-ఉల్-ముల్క్ 1853లో చనిపోగా, 24 ఏళ్లకే ఆ పదవి ఈయనకు వచ్చింది. అదే సంవత్సరం బేరారు ప్రాంతం బ్రిటిష్ వారి అధీనంలోకి పోయింది. ఖజానా ఖాళీ. అప్పులిచ్చిన అరబ్బు, రోహిల్లా జమేదార్ల చేతుల్లో తాలూకాలు తాకట్టులో ఉన్నాయి. శిస్తు వసూలు గుత్తేదార్లది. ఒక్కో చోట ఒక్కో నాణెం, ఒక్కో లెక్క.

ఆయన చేసిన పనిని మేము ఒక్క మాటలో చెప్పుకుంటాం: అందరికీ ఒకే నమూనా. తాకట్టు భూములు విడిపించారు. రాజ్యమంతటికీ హాలీ సిక్కా తెచ్చారు. 1865లో జిలాబందీ పెట్టి, గుత్తేదార్ల స్థానంలో జీతాల మీద పనిచేసే అధికారులను నియమించారు. 1857లో మాత్రం ఆయన బ్రిటిష్ వారి పక్షాన నిలిచారు. రెసిడెన్సీపై దాడిచేసిన తుర్రేబాజ్‌ఖాన్‌ను అభిమానించే మాకు ఈ అధ్యాయం మింగుడుపడదు. అయినా దాచి రాస్తే అది జీవిత చరిత్ర కాదు.

ఇక రైలు సంగతి. పీజీలో రైల్వే దారులను కంప్యూటర్లోకి ఎక్కించే పద్ధతి చదువుతున్నప్పుడు సాలార్‌జంగ్ మాకు మళ్లీ ఎదురయ్యారు. ఒక్కో రైల్వే సంస్థ తన దారుల వివరాలు ఒక్కో తీరున దాచుకుంటే, ఒకరి సమాచారం మరొకరికి పనికిరాదు. అందుకే ఐరోపాలో రైల్‌ఎమ్ఎల్ అనే ఉమ్మడి నమూనా పుట్టింది. అంతర్జాతీయ రైల్వేల సంఘం యూఐసీ 2016లో రైల్‌టోపోమోడల్ అనే ప్రమాణాన్ని ప్రచురించింది. 2019లో వచ్చిన రైల్‌ఎమ్ఎల్ 3.1 దాని మీదే నిలబడింది. సూత్రం తేలికే. దారిలో ప్రతి ముక్కా ఒక అంశం. రెండు ముక్కల కొసలు కలిసే చోట ఒక సంబంధం. ఆ సంబంధంలో బండి ఇటు నుంచి అటు పోగలదా, అటు నుంచి ఇటు రాగలదా, అసలు పోలేదా అని రాయాలి. మైళ్లు, వంపులు తర్వాత. ఏది దేనితో కలిసింది అన్నదే మొదటి ప్రశ్న.

ఆ ప్రశ్నతో చూస్తే 1874 నాటి మన పట్నం కొత్తగా కనిపిస్తుంది. బొంబాయి నుంచి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1871లో రాయచూరు వద్ద మద్రాసు రైల్వేతో కలిసింది. రెండు మహానగరాల మధ్య దారి పడింది గానీ, అది హైదరాబాదును తాకకుండా పోయింది. ఆ దారిలోని వాడి నుంచి సికింద్రాబాద్ దాకా సుమారు 120 మైళ్ల బ్రాడ్ గేజ్ పట్టాలు వేసి 1874 అక్టోబరులో బండి నడిపారు. డబ్బు నిజాం ప్రభుత్వానిది. కట్టడం, నడపడం బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చేతిలో. బండి చేరింది కంటోన్మెంటున్న సికింద్రాబాద్‌కు. చార్మినార్ చుట్టూ ఉన్న జనం మూసీ దాటి, హుస్సేన్‌సాగర్ దాటి పోవాల్సిందే.

పటం మీద గీస్తే ఇది ఒకే ఒక్క సంబంధం. వాడి దగ్గర తప్ప మన దారి ఎక్కడా దేనితోనూ కలవదు. హైదరాబాద్ ఒక కొస. దాని గుండా ఎక్కడికీ పోలేం. ఆ ఒక్క ముడి అవతల ఉన్నదీ బ్రిటిష్ వారి రైల్వేయే. రాజ్యం లోపల లెక్కలన్నీ సొంత నమూనాలోకి తెచ్చిన దివాన్‌కు, సొంత డబ్బుతో వేసిన పట్టాల మీద పెత్తనం దక్కలేదు. మాకు ఆయన జీవితంలో ఇంతకన్నా బాధాకరమైన ఘట్టం కనబడలేదు. 1876లో ఇంగ్లండు వెళ్లి బేరారు తిరిగి ఇమ్మని అడిగారు. గౌరవాలు దక్కాయి, ఆక్స్‌ఫర్డ్ డాక్టరేటు కూడా. బేరారు రాలేదు.

1883 ఫిబ్రవరి 8న కలరాతో ఆయన కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి ఉంది. అదే ఏడాది రైల్వేను ఇంగ్లండు కంపెనీకి అప్పగించి చాందా వైపు పొడిగించే పథకంపై పట్నంలో ప్రశ్నలు లేచాయి. లాభం రాకపోయినా వడ్డీ చెల్లిస్తామన్న హామీ జనం నెత్తిన భారమని అడిగిన వారిలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్ ఉన్నారు. అఘోరనాథ్‌ను రాజ్యం నుంచి పంపేశారు. పథకం ఆగలేదు.

1889లో పట్టాలు బెజవాడ చేరాయి. అప్పటి దాకా కొసగా ఉన్న హైదరాబాద్ మధ్య ఊరైంది. తర్వాత మన్మాడ్ దారి మీటర్ గేజ్‌లో వేశారు. సికింద్రాబాద్‌లో రెండు దారులూ పక్కపక్కనే ఉన్నా ఒక దాని బండి మరోదాని మీదికి ఎక్కదు; సరుకంతా హమాలీలు దించి మళ్లీ ఎక్కించాలి. కాగితం పటంలో అది జంక్షనే. కంప్యూటర్ నమూనాలో మాత్రం అక్కడ బండి పోలేదనే రాయాలి. ఆ మాట చెరిపేయడానికి సుమారు వందేళ్లు పట్టింది. పెత్తనం అంతకన్నా ముందే మారింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి కొని, తానే నడపడం మొదలుపెట్టింది. అప్పటికి దివాన్ పోయి 47 ఏళ్లు.