రఘునాథ నాయకుడు

రఘునాథ నాయకుడు (పాలనాకాలం 1600–1634) తంజావూరును ఏలిన తెలుగు నాయక రాజులలో మూడవవాడు. యోధుడు, కవి, వైణికుడు. నేడు దక్షిణాదిలో వాడుకలో ఉన్న 24 మెట్ల వీణ ఈయన కాలంలో స్థిరపడినదని ప్రసిద్ధి. తంజావూరు వీణకు రఘునాథ వీణ అను పేరు అందువలననే వచ్చినది.

జీవితం

ఈయన చెవ్వప్ప నాయకుని మనుమడు, అచ్యుతప్ప నాయకుని కుమారుడు. తండ్రి జీవించి ఉండగానే పాలనలో భాగస్వామి అయ్యాడు. మంత్రి గోవింద దీక్షితుడు శాస్త్రపండితుడు, సంగీతజ్ఞుడు. 1614లో విజయనగర సింహాసనం కోసం అంతర్యుద్ధం చెలరేగగా, రఘునాథుడు వెలుగోటి యాచమనాయుని పక్షాన నిలిచి, కావేరీ తీరంలోని తోపూరు యుద్ధంలో జగ్గరాయని ఓడించుటకు తోడ్పడ్డాడు. 1620లో డేనిష్ వారికి తరంగంబాడిలో కోట కట్టుకొనుటకు అనుమతి ఇచ్చాడు.

తెలుగులో వాల్మీకి చరిత్రము, శృంగార సావిత్రి, రామాయణము రచించాడు. చేమకూర వేంకటకవి విజయవిలాసమును ఈయనకే అంకితమిచ్చాడు. రామభద్రాంబ, మధురవాణి వంటి కవయిత్రులు ఆస్థానంలో ఉండేవారు.

వీణ

పూర్వపు వీణలలో కొన్నింటికి రాగం మారినప్పుడల్లా మెట్లను జరపవలసి వచ్చేది. ఒక రాగానికి సరిపోయిన అమరిక మరొక రాగానికి పనికిరాదు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లను దండిపై శాశ్వతంగా నిలిపితే ఆ ఇబ్బంది తొలగుతుంది. ఏ రాగమైనా అదే వీణపై పలుకుతుంది.

చెప్పుటకు సులభమే గాని, ఈ పని వీణ చేయువానికి కఠిన పరీక్ష. గిటారుకు మెట్ల స్థానాలను ముందే లెక్కకట్టి, కర్రలో గాడి కోసి బిగిస్తారు. వీణ మెట్లు మైనం, బొగ్గుపొడి కలిపిన ముద్దలో కూర్చుంటాయి. ఒక్కొక్క మెట్టునూ తీగ మీటి, చెవితో విని, వెంట్రుకవాసి జరుపుతూ అమర్చాలి. ఒక మెట్టు తప్పితే ఆ స్వరం అన్ని రాగాలలోనూ అపస్వరమే. వేడికి మైనం మెత్తబడినా, ఏళ్ళ వాడుకలో మెట్లు అరిగినా మైనం తీసి మేళం మరల కట్టవలసి ఉంటుంది. వీణ మరమ్మతులలో అన్నింటికన్న ఓపిక కోరునది ఇదే. అందుచేత మెట్లు స్థిరమనుట వాయించేవానికి మాత్రమే వర్తిస్తుంది.

కర్తృత్వ వివాదం

ఈ ఘనత అంతయు రఘునాథునికే చెందునా అనునది తేలని విషయం. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలోనే ఏకరాగమేళ, సర్వరాగమేళ వీణల భేదం కనబడుతుంది. కనుక అన్ని రాగాలకు ఒకే అమరిక అనే ఆలోచన రఘునాథునికి అర్ధశతాబ్దం ముందే ఉన్నది. అయితే గోవింద దీక్షితుని కుమారుడు వేంకటమఖి తన చతుర్దండి ప్రకాశికలో రఘునాథేంద్ర మేళవీణను ప్రత్యేకంగా పేర్కొన్నాడు. రఘునాథుని పేర నున్న సంగీతసుధ తన తండ్రి కృతి అని చెప్పినవాడు కూడ ఈ వేంకటమఖియే. గ్రంథం విషయంలో రాజుకు పేరు తగ్గించినవాడు వీణ విషయంలో పేరు నిలుపుట గమనింపదగినది. ఆ వీణను చెక్కిన వడ్రంగుల పేర్లను మాత్రం ఏ గ్రంథమూ చెప్పలేదు.

వేంకటమఖి 72 మేళకర్తల పథకానికి ఆధారం స్థాయిలోని ఈ 12 స్వరస్థానాలే.

తరువాతి కాలం

1634లో రఘునాథుని కుమారుడు విజయరాఘవ నాయకుడు రాజయ్యాడు. 1673లో మధుర నాయకులతో జరిగిన యుద్ధంలో అతడు మరణించగా తంజావూరులో నాయకుల పాలన ముగిసినది. 24 మెట్ల వీణ మాత్రం మరాఠా రాజుల కాలంలోనూ కొనసాగి, తెలుగునాట బొబ్బిలి, నూజివీడులలో వృత్తిగా స్థిరపడినది. బొబ్బిలి సమీపాన గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుండి కుండ, దండి తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. తంజావూరు వీణ వలెనే వాటికీ మెట్లు 24.