బండి విప్పి చదువు నేర్చిన జి.డి. నాయుడు

వార్షికోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాసివ్వమని సంచిక పని చూస్తున్న తమ్ముళ్లు ఫోన్ చేసి అడిగారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. నేను ఇక్కడ పదో తరగతి దాకా ఉండి, ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేసి, ఇరవై ఏళ్లకు పైగా బండ్ల కింద పడుకొని బతుకుతున్నవాణ్ణి. అందుకని నా పనికి దగ్గరి మనిషినే ఎంచుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. పోయినసారి పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి మా బ్యాచ్ వాళ్లందరినీ పిలిచాం. టీచర్లు వచ్చారు, సింగరేణి ఉద్యోగులు వచ్చారు, ఒక ఎస్సై కూడా వచ్చాడు. లారీ క్లీనర్‌గా మొదలై డ్రైవరైన ఒక దోస్తు మాత్రం రాలేదు. ఆరోజు అతను కరీంనగర్‌లోనే ఉన్నాడు. ఉద్యోగస్తుల నడుమ తాను ఏ ముఖం పెట్టుకొని కూర్చుంటానన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం అతను చదువుతాడని ఆశ.

నేను చెప్పబోయే మనిషి జి.డి. నాయుడు. పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతం వారు. ఎన్నో తరాల కింద అటు వలసపోయి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లో వారిదొకటి. భారతదేశపు ఎడిసన్ అని ఆయనకు పేరు. నాకైతే ఆ బిరుదు అంతగా నచ్చదు. ఎడిసన్ పక్కన నిలబెట్టకుండానే ఆయన పెద్దవాడు.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. తల్లి ఆయన చిన్నతనంలోనే కన్నుమూసింది. తండ్రి వ్యవసాయదారుడు. పిల్లవానికి బడి గిట్టలేదు. పంతుళ్ల ముఖాన ఇసుక చల్లి పారిపోయేవాడని చెప్తారు. (ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్లు ఈ వాక్యం చదవనట్టే ఉండాలి. మన దగ్గర వార్డెన్ సార్ ఊరుకోరు.) మూడో తరగతితోనే ఆయన చదువు ఆగిపోయింది. పొలం పనికి పంపారు.

అలా పొలంలో ఉన్న రోజుల్లోనే ఆయన మొదటిసారి మోటారు సైకిల్ చూశారు. లాంకషైర్ అనే తెల్లదొర రెవెన్యూ అధికారి ఆ దారిన బండి మీద తిరిగేవాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా, తొక్కకుండా ఉరికే ఆ బండి కుర్రవాని మనసులో నాటుకుపోయింది. అలాంటిది తనకూ ఉండాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. ఊరు విడిచి కోయంబత్తూరుకు వెళ్లి ఒక హోటల్లో సర్వర్‌గా చేరారు. దాదాపు మూడేళ్లు టేబుళ్లు తుడిచి, ప్లేట్లు మోసి పైసా పైసా కూడబెట్టి, ఆ దొర దగ్గరికే పోయి ఆ బండినే కొన్నారు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ కంపెనీ 1912 మోడల్. ధర మూడు వందల రూపాయలని అంటారు.

ఇక్కడే నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. మూడేళ్లు ఎంగిలి ప్లేట్లు ఎత్తి బండి కొన్నవాడు ఏం చేస్తాడు? ఊరంతా తిరిగి నలుగురికీ చూపించుకుంటాడు. నేనైతే అదే చేసేవాణ్ణి. ఆయన మాత్రం బండిని నడపడం కంటే విప్పడం మీదే మనసు పెట్టారు. నట్టు నట్టూ విప్పి, ముక్క ముక్కా చూసి, మళ్లీ బిగించారు. మళ్లీ విప్పారు. చేతిలో పుస్తకం లేదు, చెప్పే గురువు లేడు. ఆ బండే ఆయనకు బడి అయ్యింది. అలా మెకానిక్ అయ్యారు.

ఈ పని తెలియని తమ్ముళ్ల కోసం ఒక్క మాట. ఆ కాలపు మోటారు సైకిల్‌కు ఒకటే సిలిండర్. ఇంజను బలాన్ని వెనుక చక్రానికి అందించేది ఒక బెల్టు. కార్బురేటర్‌లో పెట్రోలు, గాలి కలుస్తాయి. పిస్టన్ ఆ మిశ్రమాన్ని నొక్కుతుంది. మాగ్నెటో పుట్టించిన నిప్పురవ్వ ప్లగ్గు కొస దగ్గర దాన్ని అంటిస్తుంది. అంతే. బండి నిలిచిపోతే మూడే ప్రశ్నలు: పెట్రోలు వస్తోందా, నిప్పురవ్వ వస్తోందా, నొక్కుడు సరిగా ఉందా. అన్నీ కంటికి కనిపించేవే, చేతికి అందేవే. ఇవాళ్టి కొత్త బండ్లకు కంప్యూటర్ తగిలిస్తే గానీ రోగం తెలియదు. పాత బండి అలా కాదు, అడిగిన ప్రశ్నకల్లా జవాబు చెప్తుంది.

మా ఇంటి ముందర ఒక పాత జీపు ఉంది. ఒకప్పుడు ఉట్నూరు దిక్కు బస్సు పోని గూడేలకు జనాన్ని మోసి మోసి అరిగిపోయిన బండి. పాత సామాను కింద పోతుంటే నేను కొన్నాను. ఆదివారం వస్తే దాని కిందే ఉంటాను. పానాలు, పక్కడు, పేచ్‌కస్, ఒక పాత జాకీ, డబ్బాలో ఇంత గ్యాస్‌నూనె. ఇంతకు మించి పెద్ద సామాను లేదు. మా ఆవిడ దాన్ని మా ఇంటి రెండో సంసారం అంటుంది. నేను మొదట చేరిన షెడ్డులో ఏడాది దాకా నన్ను ఇంజను ముట్టనివ్వలేదు, సామాన్లు కడగడమే నా పని. సొంత బండి ఉంటే ఆ బాధ లేదు. తప్పు చేసినా తిట్టేవాడు ఉండడు. నాయుడు గారు ముందుగా సొంత బండి ఎందుకు కొన్నారో ఆ జీపు కింద పడుకున్నప్పుడే నాకు అర్థమైంది.

ఆ తర్వాత ఆయన పత్తి వ్యాపారంలోకి దిగారు. తిరుప్పూరులో పత్తి మిల్లు నడిపి డబ్బు చూశారు. ఇంకా పెద్ద వ్యాపారం చేద్దామని బొంబాయికి వెళ్లి అంతా పోగొట్టుకొని తిరిగొచ్చారు. పత్తి దెబ్బ ఎట్లుంటుందో మన ఆదిలాబాద్ జిల్లా వాళ్లకు నేను విడమరచి చెప్పక్కర్లేదు.

చేతిలో చిల్లిగవ్వ లేనప్పుడు కూడా చేతులు నేర్చిన పని ఉంది. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి ఉండేవాడు. ఈ యువకుని పనితనం చూసి నమ్మి, బస్సు కొనుక్కోవడానికి అప్పు సాయం చేశాడు. 1920లో నాయుడు గారు ఆ ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని ఊళ్ల మధ్య సర్వీసు మొదలుపెట్టారు. పొల్లాచ్చి పెద్ద సంతల ఊరు, పళని సుబ్రహ్మణ్యస్వామి కొండ ఉన్న యాత్రాస్థలం. జనానికి కొదువ లేదు. బస్సు తోలింది ఆయనే. ఆ రోజుల్లో బస్సంటే తాళంచెవి తిప్పితే స్టార్టయ్యేది కాదు, ముందర హ్యాండిల్ పెట్టి బలంకొద్దీ తిప్పాలి. చెయ్యి అదును తప్పితే హ్యాండిల్ వెనక్కి తన్ని మణికట్టు విరిగేది. రోడ్లు మట్టివి. దారిలో బండి ఆగితే మెకానిక్ కోసం ఎదురుచూసే పని లేదు, ఆ మెకానిక్ స్టీరింగ్ దగ్గరే కూర్చొని ఉన్నాడు.

కొన్నేళ్లలో ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయ్యింది. యు.ఎం.ఎస్. బస్సులంటే చెప్పిన టైముకు వస్తాయని పేరు పడింది. మన దిక్కు సంగతి పోల్చి చూడండి. నిజాం రాజ్యంలో సర్కారు బస్సులు మొదలైంది 1932లో, నిజాం స్టేట్ రైల్వే కింద 27 బస్సులతో. తర్వాత ఆర్టీసీ అయ్యింది అదే. అప్పటికి పన్నెండేళ్ల ముందే, మూడో తరగతి చదివిన ఒక మనిషి తానే తోలి, తానే బాగు చేసుకొని బస్సు సర్వీసు నడిపాడు.

బస్సులతో ఆగితే ఆయన ఒక ట్రావెల్స్ ఓనరుగా మిగిలేవారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారి చేతి మీదుగా, పీళమేడులోని యు.ఎం.ఎస్. కర్మాగారం నుంచి భారతదేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు బయటికి వచ్చింది. ఇవాళ మన కరీంనగర్ రైతుల బావుల మీద, బోర్ల మీద కోయంబత్తూరు మోటార్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేం. ఆ ఊరు మోటార్ల ఊరు కావడం అక్కడ మొదలైంది.

ఇక ఆయన చేసిన వస్తువులు చాలా ఉన్నాయి: బ్యాటరీ సెల్లులతో నడిచే గడ్డం గీసే మిషన్, పల్చటి బ్లేడు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్లరసం తీసే యంత్రం, మోసం చేయడానికి వీల్లేని ఓటు యంత్రం. పత్తి, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశారు. విదేశాలు తిరిగారు, 1936లో లండన్‌లో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో ఫిల్ము తీశారు. సర్ సి.వి. రామన్ వంటి శాస్త్రవేత్త ఆయన్ను మెచ్చుకున్నారు. వీటన్నిటిలో నన్ను బాధపెట్టేది మాత్రం 1952 నాటి కారు. పెట్రోలుతో నడిచే ఇద్దరు కూర్చునే చిన్న కారు తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు రోడ్డెక్కలేదు. ఆ కారు అమ్ముడుపోయి ఉంటే, ఆ పాత బండ్లు నాలాంటి వాళ్ల ఇళ్ల ముందర ఎన్ని ఉండేవో.

ఆయన చదువు గురించి చేసిన పని మనకు ముఖ్యం. బడి నుంచి పారిపోయిన మనిషే కాలేజీ పెట్టించారు. 1945లో కోయంబత్తూరులో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ మొదలయ్యాయి. నాయుడు గారు విరాళమిచ్చి, తానే ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారు. ఇంజనీరింగుకు నాలుగేళ్లు అక్కర్లేదు, పిల్లల కాలం వృథా అవుతుంది, తక్కువ కాలంలో నేర్పవచ్చు అని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ప్రిన్సిపాల్ పదవి వదిలేశారు. ఆ ఇంజనీరింగ్ కాలేజీయే తర్వాత వేరే చోటికి మారి ప్రభుత్వ టెక్నాలజీ కాలేజీ అయ్యింది. డిగ్రీ కాగితాల మీద ఆయనకు చివరిదాకా గురి కుదరలేదు.

ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. పెద్దవారితో పేచీ పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. ఆయన వెనుక వ్యవసాయ కుటుంబం ఉంది, పొలం ఉంది. బడి మానేస్తే పోయి పని చెయ్యడానికి సొంత చేను ఉంది. నమ్మి బస్సుకు అప్పు ఇచ్చిన దొర ఉన్నాడు. ఒక పెట్టె, ఒక దుప్పటి పట్టుకొని ఈ హాస్టల్ గేటు లోపలికి వచ్చిన మనకు అవేవీ లేవు. నాకు షెడ్డు పెట్టుకోవడానికి బ్యాంకువారు లోను ఇచ్చింది నా చేతుల నల్లమరక చూసి కాదు, ఐటీఐ సర్టిఫికెట్ చూసి. అది లేకపోతే లోపల కుర్చీ కూడా చూపించేవారు కాదు. కాబట్టి నాయుడు గారి పేరు చెప్పి పుస్తకాలు మూలకు పడేస్తామని ఏ తమ్ముడైనా అంటే నేను ఒప్పుకోను. ఆయనకు బండి ఎంతో మనకు సర్టిఫికెట్ అంత.

కానీ నా దోస్తుకు చెప్పాల్సిన మాట వేరు. నాయుడు గారు హోటల్ సర్వర్ పని చేసిన సంగతి దాచుకోలేదు. గ్రీజు చేతులతోనే ప్రిన్సిపాల్ కుర్చీ దాకా నడిచారు. ఇరవై ఏళ్లు లారీ తోలి, ఘాట్ రోడ్డు మీద బ్రేకు పోయిన బండిని ఒక్కొక్క గేరూ దించుకుంటూ ఇంజను బలంతో నిలిపి, నలుగురిని బతికించిన మనిషి మా బ్యాచ్‌లో అతనొక్కడే. ఆ సంగతి ఎస్సై గారికి కూడా తెలుసు. ఈసారి మొదటి వరుసలో అతనికో కుర్చీ పెడుతున్నాం.

నాయుడు గారు 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల తెరిచారు. 1974 జనవరి 4న, ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ తర్వాత 2015లో ఆయన వారసులు అక్కడే పాత కార్ల మ్యూజియం పెట్టారు.

కొన్నేళ్ల కింద ఒక లారీ ఇంజను పని మీద నేను కోయంబత్తూరు పోయాను. సిటీ బస్సులో కండక్టరు హోప్ కాలేజీ, హోప్ కాలేజీ అని అరుస్తుంటే గబగబా దిగాను. ఎంత వెతికినా ఆ పేరుతో కాలేజీ కనపడలేదు. టీ కొట్టు ఆయన నవ్వి, కాలేజీ ఎప్పుడో పోయింది, బస్టాపు పేరు మాత్రం అట్లనే ఉండిపోయిందని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఆ రోడ్డు పేరు అవినాశి రోడ్డు. 2025 అక్టోబరులో దాని మీద పది కిలోమీటర్ల పొడవున్న ఫ్లైఓవర్ తెరిచి, దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు.