ఖజానాకు కావలి: మొదటి సాలార్‌జంగు

కోశము పరహస్తగతమైన రాజు సింహాసనముపై కూర్చుండియు రాజు కాడు. మన ప్రాచీనులు రాజ్యాంగములలో కోశమును ఒక ప్రధానాంగముగా లెక్కించుట అందువలననే. పందొమ్మిదవ శతాబ్ది నడిమికాలమున హైదరాబాదు రాజ్యమునకు అట్టి దుర్దశ సంప్రాప్తించెను. దాని నుండి రాజ్యమును గట్టెక్కించిన వాడు మీర్ తురాబ్ అలీ ఖాన్. చరిత్రలో ఆయనకు మొదటి సాలార్‌జంగు అని ప్రసిద్ధి. మూసీ యొడ్డున విద్యార్థులు చూచు సాలార్‌జంగు మ్యూజియములోని వస్తువులను అధికముగా సేకరించినవాడు ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగు. అందు మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహమును మాత్రము 1876లో ఇటలీలో సంపాదించినవాడు ఈ తాతగారే. ఆ విగ్రహము నెరిగిన వారందరును ఆయన ముప్పది సంవత్సరములు దిద్దిన లెక్కలను గూర్చి యెరుగరు.

ఆయన 1829వ సంవత్సరము జనవరి మాసమున బిజాపురమున జన్మించెను. ఆ వంశమున మీర్ ఆలం మొదలైనవారు నిజాము రాజ్యమునకు దివానులుగా నుండిరి. తండ్రి చిన్ననాడే గతించుటచే బాలుని పెంపకము తండ్రి సోదరుడైన సిరాజుల్ముల్కు చేతిలో జరిగెను. అరబ్బీ, పారసీక భాషలతో పాటు ఆయన ఇంగ్లీషును కూడ నేర్చెను. ఇరువది ఏండ్లు నిండకముందే ఖమ్మము ప్రాంతపు తాలూకాదారుగా నియమితుడై, సుమారు ఎనిమిది మాసములు పనిచేసెను. అంతకుముందు డైటన్ అను ఆంగ్లేయుడు ఆ తాలూకాలను నిర్వహించియుండెను. ఖమ్మమునకు దక్షిణమున కోదాడ, పడమట సూర్యాపేట, దానికి దక్షిణమున మిర్యాలగూడ. మచిలీబందరు నుండి హైదరాబాదునకు పోవు పాతబాట ఈ సీమ గుండనే సాగుచుండెను. కాబోవు దివాను రాజ్యపు ఆదాయమెట్లు పుట్టునో, ఎట్లు మాయమగునో మొదట చూచినది ఈ తెలుగు నేలపైననే.

ఆనాటి వసూలు పద్ధతికి ఇజారా యని పేరు. ప్రభుత్వము తానుగా పన్ను వసూలు చేయదు. తాలూకాను గుత్తకిచ్చును. ఎక్కువ మొత్తము ఒప్పుకొని ముందుగా చెల్లించినవానికి గుత్త దక్కును. ఒక తాలూకా న్యాయమైన పన్ను లక్ష రూపాయలనుకొందము. ఇజారాదారు సాహుకారు వద్ద వడ్డీకి అప్పు తెచ్చి ఎనుబదివేలు సర్కారునకు కట్టును. అసలు, వడ్డీ, తన లాభము కలిసి రావలెనన్న ఆతడు లక్షా పాతికవేలు పిండవలెను. ఇంతలో మరియొకడు సర్కారునకు మరికొంత హెచ్చుగా ఒప్పుకొనును. మొదటివాడు పోవును, రెండవవాడు వచ్చును. ఒక్క పంటకే రైతు ఇద్దరికి చెల్లించుకొనును. వచ్చు సంవత్సరము తాను ఉండునో లేదో తెలియని ఇజారాదారు తెగిన చెరువుకట్టను ఏల పోయించును? అందుచేత పన్ను పెరుగుచుండెను, పంట తరుగుచుండెను, ఖజానా మాత్రము నిండకుండెను.

దీనికి తోడు ప్రభుత్వమునకు అప్పులిచ్చిన సాహుకార్లకును, జీతములు బాకీపడిన అరబ్బు జమాదార్లకును తాలూకాలకు తాలూకాలే తాకట్టుపడియుండెను. చందూలాల్ అధికారము నెరపిన కాలమున పామర్ కంపెనీ అను వడ్డీ సంస్థ రాజ్యమును అప్పులలో ముంచెను. ఆ అప్పు తీర్చుటకై, ఉత్తర సర్కారు జిల్లాల నిమిత్తము ఇంగ్లీషు కంపెనీ ఏటేట చెల్లించుచున్న 7 లక్షల రూపాయల పేష్కషును నిజాము 1823లో శాశ్వతముగా వదలుకొనవలసి వచ్చెను. పిమ్మట కంటింజెంటు అను సైన్యపు ఖర్చు మరియొక అప్పుగా పెరిగెను. దానికై 1853 మే 21వ తేదీ నాటి సంధితో పత్తి పండు బీరారు సీమ ఇంగ్లీషువారి యధీనమయ్యెను. సంధి జరిగిన కొలది దినములకే దివానుగా నున్న సిరాజుల్ముల్కు మరణించెను. మే 31వ తేదీన ఇరువదినాలుగేండ్ల సాలార్‌జంగు దివాను పదవిని స్వీకరించెను. ఆనాడు నిజాము ఆభరణములు సైతము కుదువలో నుండెను.

ఆయన మొదట చేసిన పని తాకట్టు తాలూకాలను విడిపించుట. సాహుకార్ల లెక్కలను, జమాదార్ల లెక్కలను పరిశీలింపజేసి, న్యాయముగా చెల్లవలసిన దానికి గడువులు పెట్టి, భూములను మరల సర్కారు క్రిందికి తెచ్చెను. రెండవది కేంద్ర ఖజానా. వచ్చిన పైకము వచ్చిన చోటనే ఎవరి చేతికో పోక, జిల్లాల నుండి రాజధానికి చేరవలెను. మూడవది నాణెము. అంతవరకు పలు తావులలో వేరువేరు టంకసాలలు వేరువేరు తూకముల రూపాయలు పోయుచుండెను. వానిని అరికట్టి రాజధానిలో హాలీ సిక్కాను ముద్రింపించెను.

నాణెము సంగతి మన ప్రాంతమున ఎంత ముఖ్యమో ఊహింపవచ్చును. సూర్యాపేట నుండి కోదాడకు పోవువారు నడుమ మునగాల పరగణాను దాటవలెను. ఆ పరగణా నిజాము భూమి నడుమ నుండియు ఇంగ్లీషువారి కృష్ణా జిల్లాకు చెందియుండెను. ఒక దినపు ప్రయాణములో రెండు ప్రభుత్వములు, రెండు రూపాయలు. తరువాతి కాలమున సుమారు 116 హాలీ రూపాయలు 100 ఇంగ్లీషు రూపాయలకు సమానముగా చెల్లెను. రూపాయకు నిలకడైన విలువ లేనిచో ఈ బాటపై సంతకు పోయిన రైతును మారకపు వర్తకుడు ఎంతైనను మోసగింపగలడు.

వీనికన్న పెద్ద సంస్కరణము జిలాబందీ. 1864లో మాల్గుజారీ సభ యేర్పడెను. 1865లో దివానీ భూమి జిల్లాలుగా విభజింపబడెను. అట్లు ఏర్పడిన వానిలో నల్లగొండ జిల్లా యొకటి. సూర్యాపేట అందలి తాలూకా. దేవులపల్లి తాలూకాయే తరువాత మిర్యాలగూడ తాలూకా యయ్యెను. కోదాడ తాలూకా ఆనాడు వరంగల్లు వైపున నుండి, 1905లో నల్లగొండలో చేరెను. జిల్లాకొక అవ్వల్ తాలూకాదారు, తాలూకాకొక తహసీలుదారు నియమితులైరి. వారికి గుత్త లేదు, నెలజీతము కలదు. పంటలో పాలు పంచుకొను బటాయి తగ్గి, పన్ను రొక్కముగా నిర్ణయింపబడెను. కొంతకాలమునకు భూముల కొలత, బందోబస్తు ఆరంభమయ్యెను.

ఈ సంస్కరణములన్నిటికి మూలసూత్ర మొక్కటే. పన్ను నిర్ణయించువాడు, వసూలు చేయువాడు, భద్రపరచువాడు, ఖర్చు పెట్టువాడు ఒక్కడే కారాదు. ఇజారాదారు ఈ నాలుగును తానే యయ్యెను గనుక ఆతనిని అడుగువారు లేకపోయిరి. సాలార్‌జంగు ఆ నాలుగు పనులను నలుగురికి పంచి, ఒకరి లెక్కను మరియొకరు చూచునట్లు చేసెను. పాఠశాలలో రుసుము వసూలు చేయువారొకరు, లెక్క వ్రాయువారొకరు, తనిఖీ చేయువారు వేరొకరుగా నుండుటలో గల నీతియు ఇదియే.

ఆయన మార్గము నిష్కంటకము కాదు. 1857 జులై 17వ తేదీన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగెను. సాలార్‌జంగు ఇంగ్లీషువారి పక్షము వహించెను. స్వాతంత్ర్యము కోరినవారు దానిని ద్రోహమనిరి. రాజ్యము నిలుచుటకు వేరు దారి లేకుండెనని ఆయనను సమర్థించినవారనిరి. ఆర్థికముగా దాని ఫలము 1860 నాటి సంధిలో కనబడెను. ఇంగ్లీషువారు 50 లక్షల రూపాయల అప్పును రద్దుచేసి, రాయచూరు అంతర్వేదిని, ధారాశివము సీమను తిరిగి యిచ్చిరి. బీరారు మాత్రము రాలేదు. 1859లోను, 1868లోను ఆయన ప్రాణములపై హత్యాప్రయత్నములు జరిగెను. 1869లో అఫ్జలుద్దౌలా మరణింపగా, మూడేండ్లయినను నిండని మహబూబ్ అలీ ఖాన్ నిజామయ్యెను. షంసుల్ ఉమరాతో కలిసి సాలార్‌జంగు రాజ్యభారము వహించెను. హైదరాబాదు నగరమునకును చాదర్‌ఘాటునకును పురపాలన వ్యవస్థ ఏర్పడినది ఆ సంవత్సరముననే.

1876లో ఆయన ఐరోపాకు పోయెను. పారిసులో మెట్లపై జారిపడి తొడయెముక విరిగినను ప్రయాణము మానక ఇంగ్లండు చేరెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవపట్టము నిచ్చెను. లండను నగరము తన పౌరసత్వ గౌరవము నొసంగెను. ఈ రెండవ గౌరవమును గూర్చి ఉపాధ్యాయులు విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పదగిన సంగతి యొకటి కలదు. లండను నగర పౌరుల పట్టికను కాపాడు బాధ్యత ఛాంబర్లేను అను అధికారిది. ఆ నగరపు ధనాగారమునకు అధిపతియు ఆయనయే. పదమూడవ శతాబ్ది నుండి వచ్చుచున్న ఆ పదవికి అధికారిని ప్రభువు నియమింపడు. వృత్తిసంఘముల సభ్యులు ఏటేట జూను మాసమున గిల్డ్‌హాలులో సమావేశమై ఎన్నుకొందురు. నగరపు లెక్కలను తనిఖీ చేయు వారిని గూడ వారే ఎన్నుకొందురు. సాలార్‌జంగు లండను పోయిన నాడు ఆ పదవిలో నున్నవాడు బెంజమిన్ స్కాటు. ఆయన ఒకసారి పోటీచేసి ఓడి, 1858లో ఎన్నికై, 1892 వరకు ఆ పదవిలో కొనసాగెను.

ఒకే కాలపు ఈ ఇరువురు ధనాధికారులను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను. ఒకనిది ఒక నగరము. మరియొకనిది సుమారు కోటి జనుల రాజ్యము. పనిభారమున సాలార్‌జంగునకు స్కాటు సాటిరాడు. కాని స్కాటు ఏటేట తనను ఎన్నుకొన్నవారి యెదుట నిలువవలెను. అందు సామాన్య జనులందరును లేరు, వృత్తిసంఘముల వారు మాత్రమే యుండిరి. అయినను పన్ను కట్టువారిలో కొందరికైనను అడుగు హక్కు కలదు. సాలార్‌జంగు లెక్క అడుగగలవారు నిజాము, రెసిడెంటు మాత్రమే. సూర్యాపేట రైతునకుగాని, మిర్యాలగూడ వర్తకునకుగాని ఆ హక్కు లేదు. దివాను ధర్మబుద్ధి గలవాడైన ఖజానా క్షేమముగా నుండును. ఆతని తరువాత ఎవరు? ఈ ప్రశ్నకు ఆయన కట్టిన వ్యవస్థలో సమాధానము లేకపోయెను.

ఆ లోపము ఫలితము మన తాలూకాలలోనే బయటపడెను. ఇజారా పోయినపుడు వసూలు అధికారము కోల్పోయిన దేశముఖులకు, దేశపాండ్యాలకు పరిహారముగా వతనులు, రుసుములు లభించెను. రాజధానిలో లెక్కలకు కావలి యేర్పడెనుగాని, గ్రామపు లెక్క వంశపారంపర్యపు పటేలు పట్వారీల చేతిలోనే నిలిచెను. భూముల కొలత జరిగినపుడు, ప్రభుత్వ భాష రాని రైతునకు తన పొలము ఎవరి పేర నమోదయినదో తెలియదాయెను. ఇజారాదారుల కాలమున పన్నుతో బాధపడిన రైతు ఈ తీరున పొలమునకే దూరమయ్యెను. దేశముఖుల క్రింద వేలాది యెకరములు చేరెను, వెట్టిచాకిరి బలపడెను. 1946 జులై 4వ తేదీన నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలలో చెలరేగిన సాయుధ పోరాటమునకు మూలములలో ఇది యొకటి. దానికి సాలార్‌జంగు నొక్కనినే బాధ్యుని చేయుట న్యాయము కాదు. అయినను లెక్కను శుభ్రపరచుట ఒకటి, ఆ లెక్కను చూచు హక్కు ప్రజలకిచ్చుట వేరొకటి అని ఈ చరిత్ర బోధించుచున్నది.

1883 ఫిబ్రవరి 8వ తేదీన కలరా సోకి సాలార్‌జంగు ఆకస్మికముగా మరణించెను. ఆయనకు ఏబదినాలుగేండ్లు. ముప్పది సంవత్సరముల దివానుగిరిలో ఆయన అప్పుల రాజ్యమును నమ్మకము గల రాజ్యముగా మార్చెను. సాహుకార్లు రాజ్యమునకు అప్పిచ్చుటకు వెనుకాడిన దినములు పోయి, దేశమున రైలుమార్గములు వేయు దినములు వచ్చెను.

ఆయన మిగిల్చిన పని నెరవేరుటకు చాలకాలము పట్టెను. హైదరాబాదు నగర పురపాలనలో 1934లో ఎన్నికలు జరిగెను. 1952లో వయోజనులందరి వోటుతో ఏర్పడిన శాసనసభ యెదుట రాజ్యపు ఆదాయవ్యయములు ఉంచబడెను. బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గమున ఆర్థికశాఖ వహించిన డాక్టరు మేల్కోటే ప్రజల వోటుతో వచ్చినవాడు. నేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పురపాలక సంఘములలో లెక్కలు వ్రాయువారు నియమితులైన ఉద్యోగులు, బడ్జెటును ఆమోదింపవలసిన వారు ఎన్నికైన సభ్యులు. సాలార్‌జంగు నేర్పిన విభజనమును, లండను నగరము పాటించిన ఎన్నికయును ఈ యేర్పాటున ఒకచోట కలిసినవి. ఆ సభలో అంకెలు చదువుచున్నపుడు శ్రద్ధగా విని ప్రశ్నించుట పౌరుల వంతు. సాలార్‌జంగు ఒంటరిగా మోసిన భారము ఇప్పుడు వారిది.